తడి తెలిసిన చెయ్యి

మా బృందంలో ఫిన్లాండ్ ఆవిడను సెన్సెయ్, అంటే మా గురువు, మొదట గమనించింది ఆవిడ బొమ్మలు చూసి కాదు, కత్తి నూరుతుంటే చూసి. సానరాళ్లు నీళ్ల తొట్టిలో నానుతున్నాయి. గరుకుది, మధ్యరకం, నున్నటిది. అంచు ఏ వాలున ఆనించాలో మిగతావాళ్లం ఒకరినొకరు అడుగుతున్నాం. ఆవిడ ఎవర్నీ అడగలేదు. కత్తి వాలును రాతికి ఆనించి, రెండు వేళ్లు దాని వీపున అదిమి, ముందుకీ వెనక్కీ నడిపించుకుంటూ పోయింది. కాసేపటికి తుడిచి, బొటనవేలి గోటి మీద అంచు పెట్టి చూసింది. జారలేదు, గోటిని పట్టుకుంది. సెన్సెయ్ వెనక నిలబడి అదంతా చూసి, చిన్నగా తలాడించి వెళ్లిపోయారు.

"ఎక్కడ నేర్చుకున్నారు?" అన్నాను.

"మా తాత దగ్గర. మా వైపు పిల్లల చేతికి పూక్కో ఇస్తారు, చిన్న ఒరకత్తి. చెక్కడం తర్వాత. ముందు నూరడం వస్తేనే కత్తి మన దగ్గర ఉంటుంది, లేకపోతే తాత లాగేసుకుంటాడు."

ఇది కోవిడ్ రాకముందు, ఒక శరత్కాలంలో జరిగింది. ఫుజి కొండ పాదాల దగ్గర, కవాగుచి సరస్సు పక్కన ఒక ఇంట్లో వివిధ దేశాల కళాకారులం కలిసి ఉంటూ మొకుహంగ నేర్చుకున్నాం. నీళ్లతో కలిపిన రంగులతో, ప్రెస్సు లేకుండా, చేత్తోనే ముద్ర వేసే జపాన్ చెక్క అచ్చు పని అది. బయటి దేశాలవాళ్లకి దీన్ని నేర్పాలని కడోటా కేకో 1997లో అవాజి దీవిలో ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. ఆ ఒరవడే తర్వాత ఈ సరస్సు దగ్గరికి వచ్చింది. నేను హైదరాబాదులో ప్రింట్‌మేకింగ్ పాఠాలు చెప్పుకునేదాన్ని. పుట్టింది మాత్రం పెడనలో, కలంకారీ అచ్చులు చెక్కేవాళ్ల ఇళ్ల మధ్య. కాబట్టి చెక్క, ఉలి, అచ్చు అనేవి నాకు బాగా తెలిసినవేనన్న ధీమాతో వెళ్లాను. ఆ ధీమాలో సగం నిజమే. మిగతా సగం సంగతి ఆవిడ పని చూస్తుంటే తెలిసింది.

ఆవిడ పేరు రాయొద్దని మాట తీసుకుంది. యాభై దాటిన మనిషి. మాట తక్కువ, కాఫీ ఎక్కువ. ఏళ్ల తరబడి నూనె సిరాతో, పెద్ద ఇనుప ప్రెస్సు మీద చెక్క అచ్చులు వేసింది. సిరా కడగడానికి వాడే ద్రావకాలు పడక చేతులు పగిలిపోయి, డాక్టరు వాటిని ముట్టుకోవద్దన్నాడట. అది ఒక కారణం. రెండో కారణం ఆవిడ నాకు ఆలస్యంగా చెప్పింది. వసంతం మొదట్లో వాళ్ల సరస్సుల మీద మంచుగడ్డ కరగబోయే ముందు ఒక బూడిద రంగుకు తిరుగుతుందట. అది పూర్తి తెలుపూ కాదు, పూర్తి బూడిదా కాదు. నూనె సిరాతో ఆ రంగు వేస్తే కాగితం పైన పొరలా కూర్చుని మెరుస్తోందనీ, మంచు అలా మెరవదనీ ఆవిడ గొడవ. ఫిన్లాండ్‌లో సరస్సులు 1,87,888 అని వాళ్లు లెక్కపెట్టుకున్నారు. అన్ని సరస్సులున్న దేశంలో ఒక్క రంగు కుదరక ఇంత దూరం వచ్చిందన్నమాట.

నిజానికి ఈ దారిలో ఆవిడ మొదటిది కాదు. తూలా మొయిలనెన్ అనే ఫిన్నిష్ కళాకారిణి చాలా ఏళ్లు క్యోటోలో ఉండి, సెయిక విశ్వవిద్యాలయంలో కురొసాకి అకిరా దగ్గర ఈ విద్య నేర్చుకున్నారు. మరో ఇద్దరితో కలిసి చెక్క అచ్చు పని మీద ఆవిడ రాసిన పుస్తకాన్ని ఫిన్లాండ్‌లోని ఆల్తో విశ్వవిద్యాలయం 2013లో అచ్చువేసింది. మా ఫిన్లాండ్ ఆవిడ సంచిలో ఆ పుస్తకం ఉండేది. అంచులు నలిగి, మధ్యలో రంగు మరకలు పడి, మా ఇళ్లలో వంట పుస్తకం ఎలా ఉంటుందో అలా ఉండేది. సెన్సెయ్ ముందు మాత్రం దాన్ని తెరిచేది కాదు.

చెక్కడం దగ్గర ఆవిడకు పెద్దగా ఇబ్బంది రాలేదు. బొమ్మను పల్చటి కాగితం మీద గీసి, దాన్ని బోర్లించి పలకకు అంటిస్తారు. పైపొరను వేలి కొసలతో తడితడిగా రుద్ది లేపేస్తే, గీతలు మాత్రమే చెక్క మీద మిగులుతాయి. ఇంకా స్పష్టంగా కనబడాలంటే చుక్క నూనె రాస్తారు. ఆ తర్వాత కత్తిని పిడికిట్లో నిలువుగా పట్టుకుని, తమ వైపుకు లాక్కుంటూ ప్రతి గీతకూ రెండు పక్కలా వాలుగా కోస్తారు. మిగిలిన చెక్కను ఉలీ సుత్తీ పెట్టి తీసేస్తారు. పూర్వం అంతా కొండ చెర్రీ చెక్కే. సన్నటి గీత నిలబడాలంటే ఇప్పటికీ అదే కావాలి. నేర్చుకునేవాళ్లకు షీనా అనే మెత్తటి ప్లైవుడ్ ఇస్తారు. ఆవిడ తనతో ఒక బర్చ్ ప్లైవుడ్ ముక్క కూడా తెచ్చుకుంది. "మా అడవంతా ఇదే" అంది. షీనా కంటే గట్టిది, పోగు మొండిది. అయినా దాని మీదా కోసింది.

అచ్చు వేయడం దగ్గరికి వచ్చాకే అసలు పాఠం మొదలైంది. నాకూ అక్కడే మొదలైంది.

పెడనలో అచ్చు గుడ్డ మీదికి వస్తుంది. బల్ల మీద గోనెలూ గుడ్డలూ పొరలుగా పరిచి మెత్తగా చేసి, పైన నేతబట్ట పరుస్తారు. అద్దకం మనిషి అచ్చును రంగులో ముంచి, కంటితోనే గురి చూసి బట్ట మీద పెట్టి, పిడికిలితో దాని వీపు మీద ఒక్క గుద్దు గుద్దుతాడు. చకచకా ఒక అచ్చు పక్కన ఇంకో అచ్చు, నడుచుకుంటూ వెళ్లిపోతాడు. జపాన్‌లో అచ్చు కదలదు. పలక వెల్లకిలా పడుకుని ఉంటుంది, కాగితమే దాని మీదికి దిగుతుంది. పలకకే కింద కుడి మూలన ఒక మూల గాటు, ఎడమ వైపు ఒక అడ్డ గాటు కోసి ఉంటాయి. వాటిని కెంతో అంటారు. కాగితం మూలను ముందు కుడి గాటులో కూర్చోబెట్టి, తర్వాత అంచును ఎడమ గాటుకు తాకించి, అప్పుడు వదలాలి. ఎన్ని రంగులుంటే అన్ని పలకలు, అన్ని పలకల మీదా అవే గాట్లు. గాటులో కాగితం వెంట్రుకవాసి పక్కకు జరిగినా ముక్కు రంగు చెంప మీద పడుతుంది.

గాట్లు సరిగా కోసినంత మాత్రాన పని అయిపోదు. కాగితం తడిసి ఉండాలి. తడిస్తే సాగుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. మొదటి రంగు వేసినప్పుడున్న తడి చివరి రంగు దాకా అలాగే ఉంటేనే గాట్లకు అర్థం. మధ్యలో కాస్త ఆరిందా, ఎంత బాగా చెక్కినా దండగే. అందుకని ముందురోజే కాగితాలకు కుంచెతో నీళ్లు పట్టించి, దొంతరగా పెట్టి, ప్లాస్టిక్కులో చుట్టి, పైన పలక బరువు పెట్టి రాత్రంతా వదిలేస్తారు. పొద్దుటికి నీరు అన్ని కాగితాలకూ సమంగా పాకుతుంది. ఇస్త్రీకి ముందు నీళ్లు చిలకరించి చుట్టిపెట్టిన నూలు చీర చేతికి ఎలా తగులుతుందో, అలా ఉండాలి. తడి కనబడకూడదు, చల్లదనం తగలాలి. సెన్సెయ్ ఒక కాగితం కొసను చెంపకు ఆనించి చూసి, "ఇంకా" అనో, "చాలు" అనో అనేవారు. అంతకు మించి వివరణ ఉండేది కాదు. దుబాసీ అమ్మాయి ఒక పూట మాత్రమే ఉండేది, ఉన్నప్పుడు కూడా ఆ ముక్కకు ఇంకేం చెబుతుంది?

నేను ఆ "చాలు"ను పట్టుకోలేక తిప్పలు పడుతుంటే, ఫిన్లాండ్ ఆవిడకు రెండు మూడు రోజుల్లోనే పట్టు దొరికింది. సెన్సెయ్ చెంపకు ఆనించకముందే, ఈవిడ చేతి వెనక వైపుతో తాకి, పక్కకు తీసి పెట్టేది. చాలాసార్లు ఇద్దరి తీర్పూ ఒకటే. అడిగితే భుజాలు ఎగరేసింది. "మంచు మీద నడిచే ముందు చూసుకుంటాం కదా" అంది. అదేం సమాధానమో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాలేదు. వేసవిలో తడి కాగితం బూజు పట్టకుండా ఫ్రీజర్లో పెట్టి దాచుతారని సెన్సెయ్ చెప్పినప్పుడు మాత్రం ఆవిడ మొదటిసారి గట్టిగా నవ్వింది. "మా ఊళ్లో ఆరుబయట పెడితే చాలు, కాకపోతే వేసవిలో కుదరదు" అంది.

కాగితం గురించి ఒక మాట చెప్పాలి. ఎచిజెన్ అనే చోట, ఫుకుయి ప్రాంతంలో, కోజో అనే మల్బరీ జాతి చెట్టు నారతో చేసే హోషో కాగితం ఈ పనికి మేలిరకం. దాన్ని చేసే ఇవానో ఇచిబెయ్ వంశంలో తొమ్మిదో తరం ఆయనకు 2000లో జపాన్ ప్రభుత్వం సజీవ జాతీయ నిధి హోదా ఇచ్చింది. మాకు అంత ఖరీదైనది ఇవ్వలేదు, ఇవ్వకపోవడమే న్యాయం. రంగు పాకిపోకుండా కాగితానికి జంతువుల జిగురూ పటికా కలిపిన నీళ్లు పూస్తారు. పటిక పేరు వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. పెడనలో ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్లే అద్దుతారు, రంగునిచ్చే వేరుతో ఉడకబెట్టినప్పుడు పటిక ఉన్నచోటే ఎరుపు పట్టుకుంటుంది. ఒకే పటిక అక్కడ రంగును పిలుస్తుంది, ఇక్కడ రంగును పాకకుండా ఆపుతుంది. ఈ సంగతి వంటింట్లో ఆవిడకు చెబితే ఆసక్తిగా విని, "మరి మీ గుడ్డలు ఎప్పుడైనా ఇక్కడిదాకా వచ్చాయా?" అని అడిగింది. వచ్చాయి. కోరమండల్ తీరపు అద్దకం గుడ్డలు డచ్చివాళ్ల ఓడల్లో జపాన్ చేరాయి. వాటిని సరస అని పిలిచి, టీ పాత్రలకు సంచులు కుట్టుకున్నారు. హొకుసాయి అనే జపాన్ చిత్రకారుడు గీసిన అల బొమ్మకు ఆ నీలం ఇచ్చిన ప్రష్యన్ బ్లూ కూడా మొదట డచ్చివాళ్ల ఓడల్లోనే ఇక్కడికి దిగింది.

ఇక ఆ బూడిద రంగు గొడవ సంగతి. పలక మీద రంగు చుక్కలు వేసి, పక్కన బియ్యప్పిండి జిగురు కాస్త పెట్టి, గుర్రపు వెంట్రుకల కుంచెతో రెంటినీ కలిపి పరుస్తారు. ఆ కుంచె కొసల్ని ముందే కాస్త కాల్చి, సొరచేప చర్మం మీద రుద్ది చీలుస్తారు, లేకపోతే గీతలు పడతాయి. కాగితం దించాక వీపు మీద బారెన్‌తో రుద్దుతారు. అది అరచేతిలో పట్టే గుండ్రటి బిళ్ల. లోపల వెదురు పొర నారతో పేనిన తాడు చుట్టలుగా ఉంటుంది, వెనక కాగితపు పొరలు అంటించి లక్క పూసిన పళ్లెం, పైన వెదురు పొర తొడుగు. నిజమైన బారెన్ ఖరీదు లక్ష యెన్లు దాటేవీ ఉన్నాయి. తొడుగు చిరిగితే ఎవరిది వాళ్లే కొత్తది చుట్టుకోవాలి. నానబెట్టిన వెదురు పొరను బిగించి, రెండు కొసలూ మెలిపెట్టి, పిడిలా ముడేయాలి. కామెలియా నూనె రాసిన గుడ్డ మీద మధ్యమధ్యలో దాన్ని తిప్పుతుంటే కాగితం వీపు మీద ఆగకుండా జారుతుంది.

జిగురు తగ్గినా, నీళ్లెక్కువైనా, చెయ్యి బలం చాలకపోయినా రంగు సమంగా పడదు. చిన్న చిన్న తెల్ల చుక్కలు మిగిలిపోతాయి. నువ్వులు చల్లినట్టుంటాయి గనక దాన్ని అక్కడ గోమా అంటారు, అంటే నువ్వులే. ఫిన్లాండ్ ఆవిడ తన మొదటి బూడిద రంగు కాగితాన్ని పలక మీంచి లేపి చూసేసరికి దాని నిండా ఆ చుక్కలే. మాలో ఎవరైనా అయితే గబుక్కున దాచేసుకునేవాళ్లం. ఆవిడ దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, వెలుగులో పట్టుకుని, నిలబడిపోయింది. తనకు కావాల్సిన మంచు అదే.

సెన్సెయ్ వచ్చి చూసి తల అడ్డంగా ఊపారు. దుబాసీ అమ్మాయి ఇబ్బందిగా చెప్పింది: "ఇది సరిగా పడలేదు, మళ్లీ వేయమంటున్నారు."

"నాకు ఇలాగే కావాలని చెప్పు."

ఆ మాట జపానుభాషలోకి వెళ్లింది. సెన్సెయ్ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఒక్క వాక్యం. "మళ్లీ ఇలాగే, ఇంకో కాగితం మీద వేసి చూపించమంటున్నారు."

ఆవిడ వేసింది. చుక్కలు పడ్డాయి గానీ వేరే చోట, వేరే లావున. ఇంకోటి వేసింది. దాదాపు చదునుగా వచ్చేసింది. ఇంకోదాని మీద రంగు గుంటలు కట్టింది. సెన్సెయ్ వాటన్నిటినీ వరుసగా పరిచి, బల్ల మీద వేలితో ఒకసారి తట్టి వెళ్లిపోయారు.

ఆ రాత్రి వంటింట్లో ఆవిడ కోపంగా ఉంది. కోపంగా ఉంటే కూడా గొంతు పెరగదు, కప్పులో చెంచా తిప్పడం మాత్రం ఆగదు. అప్పుడే వాళ్ల దేశపు చిత్రకారుడు అక్సెలీ గాలెన్-కల్లెలా గురించి చెప్పింది. 1895లో ఆయన బెర్లిన్‌లో మూంక్ అనే చిత్రకారుడితో కలిసి ప్రదర్శన పెట్టిన రోజుల్లో, ఇంటి దగ్గర చిన్న కూతురు చనిపోయింది. ఆ ఏడాదే ఆయన 'మృత్యుపుష్పం' అనే చెక్క అచ్చు చేశాడు. జపాన్ పద్ధతిలో కాదు, ఏ గురువు దగ్గరా ఇలా కూర్చుని కాదు. "ఆయన్ని మళ్లీ అలాగే వేసి చూపించమని ఎవరైనా అడిగారా?" అంది. నా దగ్గర జవాబు లేదు. మనసులో మాత్రం నేను ఆవిడ పక్షమే. పెడనలో నేను చూసిన పెద్దవాళ్లలోనూ ఈ మొండితనం ఉంది. నేర్చుకునేవాడి ఇష్టాన్ని ముందు చంపి, తర్వాత బతికించి చేతికిస్తారు. కొందరికి అది తిరిగి చేతికి రాదు. ఈ విషయంలో సెన్సెయ్ చేసింది పూర్తిగా ఒప్పు అని నేను ఇప్పటికీ అనలేను.

ఆ తర్వాత చాలా రోజులు ఆవిడ ఒక్క చదును బూడిదే వేసింది. చతురస్రపు పలక, ఒకే రంగు, బొమ్మంటూ ఏదీ లేదు. రంగు ఎక్కువ, జిగురు తక్కువ. జిగురు ఎక్కువ, నీళ్లు తక్కువ. భుజం నుంచి బలం దిగేలా బారెన్ పట్టుకోవడం, మణికట్టుతో రుద్దకపోవడం. షా, షా అని ఒకే చప్పుడు గదంతా. చప్పుడు మారితే సెన్సెయ్ అటు తిరిగేవారు. కాగితం ఆరుతోందని ఆయనకు ఆ చప్పుడే చెప్పేది. ఇద్దరూ మాట్లాడని మనుషులు కావడం ఒక రకంగా మేలైంది. నాలాంటి వాగుడుకాయ ఆ స్థానంలో ఉంటే వాదించి వాదించి ఏమీ నేర్చుకోకుండా తిరిగొచ్చేది.

మధ్యలో ఒకరోజు టోక్యో వెళ్లాం. మెజిరోలోని అదాచి సంస్థలో ఉకియో-ఎ అనే పాత చెక్క అచ్చు బొమ్మలను పాత పద్ధతిలోనే మళ్లీ చెక్కి అచ్చువేస్తారు. అక్కడి పనివాళ్లలో కుర్రవాళ్లు, ముఖ్యంగా ఆడపిల్లలు ఉండటం మా ఇద్దరికీ ముచ్చటగా అనిపించింది. అచ్చువేసే మనిషి నేల మీద మెత్త వేసుకుని బాసింపట్టు వేసి కూర్చుంటారు. ముందున్న బల్ల అవతలికి వాలి ఉంటుంది, శరీరం బరువంతా బారెన్ మీదికి దిగడానికి. 1831 ప్రాంతపు హొకుసాయి అల బొమ్మలో గీతలు నల్లవి కావు, నీలివి. దగ్గర్నుంచి చూసేదాకా నేనది గమనించనే లేదు. ఆ రోజుల్లో ప్రచురణకర్త పెట్టుబడి పెట్టేవాడు, చిత్రకారుడు గీసేవాడు, ఒకరు చెక్కేవారు, ఒకరు అచ్చువేసేవారు. బొమ్మ మీద చిత్రకారుడి సంతకం, చాలాసార్లు ప్రచురణకర్త ముద్ర కనిపిస్తాయి. ఉలి పట్టినవాడి పేరు ఎప్పుడో గానీ కనబడదు. పెడన అచ్చు మీద అసలు ఎవరి పేరూ ఉండదు. 1904లో యమమొటొ కనాయె ఒక జాలరి బొమ్మను తానే గీసి, తానే చెక్కి, తానే అచ్చువేసి ఈ విభజనకు ఎదురు నిలిచాడు. ఫిన్లాండ్ ఆవిడ చేసేదీ అదే. అయితే తిరుగు బస్సులో, "నలుగురి పని నెత్తిన వేసుకున్నాను, నాలుగు జీతాలు ఎవరూ ఇవ్వరు" అని గొణిగింది.

చదును బూడిద పూర్తిగా చేతికొచ్చిందని సెన్సెయ్ ఎప్పుడు నిర్ణయించారో మాకు తెలియదు. ఒక పొద్దున ఆవిడ బల్ల దగ్గర కూర్చుని, ఏమీ చెప్పకుండా పలకను తడిగుడ్డతో తుడిచారు. జిగురు గిన్నె పక్కకు జరిపేశారు. కుంచెకు ఒక మూల మాత్రమే రంగు అంటించి, అటూ ఇటూ ఆడిస్తుంటే పలక మీద బూడిద ఒక చివర ముదురుగా, రెండో చివరకు వచ్చేసరికి లేనట్టుగా పల్చబడింది. ఆ వన్నె తగ్గింపును బొకాషి అంటారు. కాగితం దించి, బారెన్‌ను పట్టీపట్టనట్టు, వేళ్లతోనే నడిపారు. లేపి చూస్తే చుక్కలు. పల్చటి చివరన విడివిడిగా, ముదురు వైపు దగ్గరదగ్గరగా. వెంటనే ఇంకో కాగితం వేశారు. రెంటినీ పక్కపక్కన పెడితే ఒకదానికొకటి కవలలు.

ఆవిడ వాటిని కిటికీ దగ్గరికి తీసుకెళ్లలేదు. బల్ల మీదే వంగి చూసి, "జిగురు అసలు లేదా?" అంది. సెన్సెయ్ చిటికెన వేలి కొస చూపించారు, అంత. ఆవిడ కుంచె అందుకుంది.

చివరి వారంలో మంచు బొమ్మ పూర్తయింది. సరస్సు, దూరంగా ఒడ్డు గీత, మంచు మీద ఎవరో నడిచి వెళ్లిన జాడ. మనిషి లేడు. మేమందరం ముందు వైపు చూసి బాగుందంటున్నాం. సెన్సెయ్ వచ్చి కాగితాన్ని తిరగేసి వీపు చూశారు. బారెన్ బలం ఎంతదాకా దిగిందో, రంగు నారలోకి ఎంత ఇంకిందో ముందు వైపు కంటే వెనక వైపే బాగా తెలుస్తుంది. ఒక్కొక్కటే తిరగేస్తూ వెళ్లి, రెండు కాగితాలు పక్కకు తీశారు. వాటిలో ఒడ్డు దగ్గర బూడిద బరువెక్కింది. ఆవిడ అవునని తలాడించింది.

"తడి కాగితం ఇంకా ఉందా?" అని దుబాసీ అమ్మాయి ద్వారా అడిగారు.

"ఉంది. కొన్ని."

"అయితే ఇప్పుడే వేయండి. రేపటికి తడి మారిపోతుంది."

వంట వంతు ఆ రాత్రి నిజానికి ఆవిడదే. ఎనిమిదైనా బల్ల దగ్గర్నుంచి లేవకపోయేసరికి, నేనే వెళ్లి అన్నం వండి, గుడ్ల కూర చేసి, కాస్త కారం తగ్గించి పెట్టాను.